అడుగు ట్యాంకులో సముద్రం

అక్వేరియం పనిలోకి అందరూ చేపల మీద ఇష్టంతోనే వస్తారు. నేనూ అలాగే వచ్చాను. కొన్నాళ్ళకే అర్థమైంది, ఇది నీళ్ళు మోసే పని. చేప అందరికీ కనిపిస్తుంది, నీళ్ళు ఎవరికీ కనిపించవు. చేప పోయిందని ఇంటివాళ్ళు ఫోన్ చేసేసరికి నీళ్ళు చెడిపోయి చాలాసేపయి ఉంటుంది.

నా పేరు సంగన్న. మాది ఝరాసంగం దగ్గర మెట్ట ఊరు. కందులు, జొన్నలు, వాన బాగుంటే పత్తి. ముంబై వెళ్ళే లారీ ఎక్కేనాటికి నేను సముద్రం చూడనేలేదు. అక్కడ ఒక అక్వేరియం దుకాణంలో కుదిరి, పని నేర్చుకుని, తిరిగొచ్చి జహీరాబాద్‌లో హైవే పక్కన సొంత దుకాణం పెట్టాను. మోకాళ్ళు సహకరించినంత కాలం నడిపాను. ఇప్పుడు షట్టర్ దించేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి అడుగుతుంటారు: ఇంట్లో సముద్రపు ట్యాంకు, పగడాలూ అవీ ఉండేది, పెట్టాలంటే ఎంత సైజు పెట్టాలి?

అంకె చెప్పి పంపొచ్చు. చెబుతాను కూడా. కానీ ఆ అంకె నాకు ఎలా తెలిసిందో చెప్పాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి. సంతోషంగా చెప్పుకునే సంగతి కాదు.

సేఠ్ చెప్పిన మాట

ముంబైలో నా యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్ళు. అద్దాలు అతికించడంలో ఆయనంత నేర్పు ఉన్నవాణ్ణి మళ్ళీ చూడలేదు. సిలికాన్ గీత ఒక చివర మొదలుపెడితే రెండో చివర దాకా చెయ్యి ఆపేవాడు కాదు. నా చేతిలో ఏదైనా పనితనం ఉందంటే అది ఆయన పెట్టిన భిక్షే. అయినా ఆయన మంచివాడని నేను చెప్పను.

కొత్తగా వచ్చిన ప్రతివాడికీ సేఠ్ అడుగు ట్యాంకు అంటగట్టేవాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. బల్ల మీద పడుతుంది, ముద్దుగా ఉంటుంది. ఒకసారి నేను అడిగాను, ఇంత తక్కువ ఉప్పునీళ్ళలో పగడాలు నిలవవు కదా అని. ఆయన నవ్వాడు.

"నిలవకపోతే మంచిదే కదరా. చిన్న ట్యాంకు చచ్చిపోతే మనిషి మళ్ళీ వస్తాడు, ఇంకో చేప కొంటాడు. పెద్ద ట్యాంకు చచ్చిపోతే ఇక మన వీధిలోకే రాడు."

వ్యాపారంగా చూస్తే అది నిజమే. కానీ చచ్చిపోయే చేప మీద బతికే దుకాణం ఎంత మెరిసినా అందులో నిలబడబుద్ధి కాదు. నేను ఊరికి తిరిగి రావడానికి ఇది కూడా ఒక కారణం.

చిన్న ట్యాంకు ఎందుకు కష్టమో చెబుతాను. సముద్రపు ట్యాంకులో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం పోదు. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్ళే పొయ్యాలి. పెద్ద ట్యాంకులో ఒక పూట మరిచిపోతే ఏమీ కాదు. అడుగు ట్యాంకులో ఆ పూటకే ఉప్పు పెరిగిపోతుంది. ఒక నత్త చచ్చి రాళ్ళ వెనక పడితే చాలు, నీళ్ళన్నీ విషమవుతాయి. మన ఏప్రిల్ ఎండకు, కరెంటు పోయిన మధ్యాహ్నానికి, అడుగు ట్యాంకు నీళ్ళు టీ గిన్నెలా వేడెక్కుతాయి. చిన్నది నేర్చుకునేవాళ్ళ కోసమని జనం అనుకుంటారు. అది బాగా నేర్చినవాళ్ళకు కూడా కష్టమే.

శరణప్ప గారి ఇల్లు

శరణప్ప గారిది బీదర్ వైపు కుటుంబం. ఇక్కడ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసేవారు. కింద భాగం అద్దెకిచ్చి పైన ఉండేవాళ్ళు. ఆయన భార్య మహాదేవమ్మ. ఒక్కడే కొడుకు, వినయ్. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివేవాడు. సెలవులకు బైక్ మీద ఇంటికొస్తూ హైవే మీద లారీ కింద పడి చనిపోయాడు.

ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళతో పరిచయం మాత్రం లేదు. ఒక రోజు మహాదేవమ్మే దుకాణానికి వచ్చింది. అద్దాల వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, మా ఇంట్ల రెండు చేపలున్నయ్. సముద్రపు చేపలు. మా బాబు పెట్టిండు. అవి గాలికి కొట్టుకుంటున్నట్టు చేస్తున్నయ్. జర వచ్చి చూస్తవా?"

వెంటనే వెళ్ళాను. వినయ్ గదిలో, కిటికీ పక్కన బల్ల మీద అడుగు ట్యాంకు. హైదరాబాద్‌లో ఏదో దుకాణంలో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. లోపల తెల్ల పట్టీలున్న రెండు నారింజ చేపలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక రాయి మీద గుండీలంత పగడాలు, విచ్చుకోకుండా ముడుచుకుని ఉన్నాయి. గదిలో మిగతావన్నీ అతను వదిలినట్టే ఉన్నాయి. కుర్చీకి చొక్కా వేలాడుతోంది.

ఉప్పు చూసే మీటర్ పెట్టాను. ముల్లు ఉండాల్సిన చోటు దాటి చాలా పైకి పోయింది.

"నీళ్ళు తగ్గితే ఏం పోస్తున్నవమ్మా?"

ఆమె మంచం కింద నుంచి ఒక డబ్బా లాగింది. వినయ్ కలిపి పెట్టిన ఉప్పునీళ్ళు. అవి అయిపోయాక, అతని ప్యాకెట్‌లోని ఉప్పుతో తనే కలుపుతోందట, అచ్చం అతను కలిపినట్టే.

"సముద్రపు చేపలు కదా అని ఉప్పునీళ్ళే పోస్తున్న. వాడు గట్లనే చేస్తుంటే చూసిన."

ఆమె చూసింది నిజమే. నీళ్ళు మార్చే రోజున వినయ్ ఉప్పునీళ్ళు పోసేవాడు. మిగతా రోజుల్లో వంటింట్లోంచి ఫిల్టర్ నీళ్ళు తెచ్చి పోసి ఉంటాడు. అది ఆమె కంట పడలేదు. కొడుకు పోయినప్పటి నుంచీ ఆ నీళ్ళు రోజు రోజుకూ ఉప్పెక్కుతూ వచ్చాయి. ఆమె నా ముఖం చూసి గ్రహించింది.

"నా చేతులతోనేనా అన్నా ఇదంతా?"

నేను అబద్ధం చెప్పలేదు, నిజం మొత్తమూ చెప్పలేదు. "నీళ్ళు చాలా తక్కువున్నయమ్మా. గింత నీళ్ళల్ల ఎవరి చెయ్యి పెట్టినా గిట్లనే అయితది. నా చెయ్యి పెట్టినా," అన్నాను.

ఒక్కసారే ఉప్పు దించితే చేప తట్టుకోదు. వారం పాటు రోజూ వెళ్ళి, గ్లాసుడు ఉప్పునీళ్ళు తీసి గ్లాసుడు మంచినీళ్ళు పోశాను. మొదటి రెండు రోజులూ ఆమె గుమ్మంలోనే నిలబడింది. మూడో రోజు గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తనే పోసింది. చేపల ఊపిరి నెమ్మదించింది. పగడాలు ఒకటొకటే విచ్చుకున్నాయి. ఆమె నవ్విందని చెప్పను గానీ, కుర్చీకున్న చొక్కాను పక్కకు జరిపి ట్యాంకు ముందు కూర్చుంది.

కొలతల గొడవ

ఎండాకాలం ముందుంది. ఆ నీళ్ళు ఎండను తట్టుకోవని నాకు తెలుసు. ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, పెద్ద ట్యాంకులోకి మార్చాల్సిందేనని చెప్పాను. మహాదేవమ్మ ఒప్పుకోలేదు.

"వాడు పెట్టిన ట్యాంకు అన్నా అది. అది తీసేస్తే ఇంక వాడు పెట్టిందేముంటది?"

శరణప్ప గారు ఆమె మాట పట్టించుకోలేదు. ఆయనకు నా మాట బాగా నచ్చింది, మితిమీరి నచ్చింది. అప్పటిదాకా ఆయన ఆ గదిలోకే వచ్చేవారు కాదు. ఆ రోజు హాల్లోకి తీసుకెళ్ళి, ఎదురుగోడ చూపించి, చేతులు రెండు వైపులా చాపారు.

"ఇగో, ఈ కాడికెల్లి ఆ కాడికి. ఆరు అడుగులు. పైన మా వాని ఫోటో. ఇంటికి ఎవలొచ్చినా ముందు అదే కనవడాలె."

ఇటువంటి చోటే మన పని మొదలవుతుంది. గోడ కొలత తెచ్చేవాళ్ళను చాలామందిని చూశాను. సోఫా ఎంత పొడవుంటే ట్యాంకు అంత పొడవుండాలన్న అల్లం వ్యాపారి ఉన్నాడు. ఆయన్ని నవ్వి ఒప్పించాను. కొడుకు పోయిన తండ్రిని నవ్వి ఒప్పించలేం.

నాకు తెలిసింది చెప్పాను. ఆరడుగుల ట్యాంకంటే రాళ్ళతో కలిపి టన్ను దాకా బరువు, పై అంతస్తు స్లాబు సంగతి ఇంజనీరును అడగాలి. నీళ్ళు మార్చాలంటే బక్కెట్ల మీద బక్కెట్లు, మీరు డ్యూటీకి పోతే అమ్మ ఒక్కతే ఉంటుంది. అంత నీటిని చల్లగా ఉంచే మిషన్, కరెంటు పోతే నడవడానికి ఇన్వర్టర్. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, కొత్త నీళ్ళు, కొత్త రాళ్ళు పక్వానికి రావడానికి నెలపైనే పడుతుంది. అప్పటిదాకా పాతది కదపకూడదు. మూడడుగుల ట్యాంకు చాలు. అదే గదిలో, గోడవారగా పెడదాం. పాత రాయి, పాత ఇసుక అందులోకే వస్తాయి.

"మూడు అడుగులంటే అది ఎవనికి కనవడ్తది సంగన్నా?"

"చేపలకు సరిపోతది సార్. అమ్మ చూసుకోగలుగుతది."

"నేను చేపల కోసం పెడ్తలేను." ఆయన గొంతు పెరిగింది. "నా కొడుకు పేరు మీద పెడ్తున్న. చిన్నగ పెట్టుమంటవా? వాడు పోవుడు చిన్న సంగతా?"

ఆలోచించుకోమని చెప్పి లేచాను. మహాదేవమ్మ తలుపు దాకా వచ్చింది.

ఆరడుగుల ట్యాంకు

ఆయన నన్ను మళ్ళీ పిలవలేదు. హైదరాబాద్ నుంచి మనుషుల్ని పిలిపించారు. వాళ్ళు పొద్దున వ్యాన్‌లో వచ్చి, సాయంత్రానికల్లా ట్యాంకు నిలబెట్టి, రాళ్ళు పేర్చి, నీళ్ళు నింపి, రంగురంగుల చేపలు వదిలి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. వినయ్ రెండు చేపల్నీ, పగడాల రాయినీ అదే రోజు అందులో వేశారు. అడుగు ట్యాంకును కడిగి ఆరబెట్టారు.

నేను స్లాబు గురించి భయపడ్డాను. స్లాబుకు ఏమీ కాలేదు, ఆ భయం నాది ఉత్తదే అయింది. దెబ్బ కొట్టింది నీళ్ళే. ఆరడుగుల ట్యాంకులో అన్ని నీళ్ళున్నా అవి పచ్చినీళ్ళు. చేపల మలినాన్ని తినే క్రిములు రాళ్ళ మీద ఇంకా పుట్టనే లేదు. తెచ్చిన రాళ్ళలో చచ్చిన జీవం కుళ్ళడం మొదలైంది. పెద్ద ట్యాంకు మంచిదని నేను చెప్పేదంతా, అది నిదానంగా పక్వానికి వచ్చిన తర్వాతి మాట. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే.

కొన్ని రోజుల తర్వాత, మధ్యాహ్నం, మహాదేవమ్మ ఫోన్ చేసింది. శరణప్ప గారు డ్యూటీలో ఉన్నారు.

"అన్నా, అన్నీ పోయినయ్. మా బాబు చేపలల్ల చిన్నది పొద్దున్నే పోయింది. పెద్దది ఒక్కటి కొట్టుకుంటున్నది. మా సారు నిన్ను పిలవొద్దన్నడు. అయినా రా."

నా దుకాణంలో ఏళ్ళ తరబడి నడుస్తున్న ట్యాంకులోంచి డబ్బా నిండా నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. హాల్లో ఫోటో, కింద నీలం వెలుతురు, ఆ వెలుతురులో పక్కకు ఒరిగి పడి ఉన్న చేపలు. కుళ్ళిన వాసన గుమ్మం దాకా వస్తోంది. పగడాల రాయి తెల్లగా పాలిపోయింది. పెద్ద నారింజ చేప మూలన, నీటి పైభాగంలో, నోరు తెరిచి మూస్తోంది. దాన్ని తీసి డబ్బాలో వేసుకున్నాను.

మెట్లు దిగుతుంటే శరణప్ప గారు ఎదురొచ్చారు. ఫ్యాక్టరీ యూనిఫాంలోనే ఉన్నారు, ఎవరో చెప్పి ఉంటారు. నా చేతిలో డబ్బా చూశారు. తిడతారనుకున్నాను. ఆయన మెట్టు మీదే కూలబడ్డారు.

"ఒక్కటే ఉన్నదా?"

"ఒక్కటే సార్."

"మంచిగ చేద్దామనే చేసిన సంగన్నా," అన్నారు. డబ్బాలో నీళ్ళు వేడెక్కిపోతున్నాయి. నేను ఆగలేకపోయాను, పక్కనుంచి దిగి వెళ్ళాను.

మిగిలిన చేప

ఆ చేప బతికింది. కోలుకున్నాక, ఇంటికి తీసుకెళ్ళమని మహాదేవమ్మకు కబురు పంపాను. గదిలో మూడడుగుల ట్యాంకు నేనే పెట్టిస్తానన్నాను. ఆమె దుకాణానికి వచ్చి చేపను చాలాసేపు చూసింది.

"నీ దగ్గరనే ఉండనియ్ అన్నా. మా ఇంట్ల ఏదీ నిలుస్తలేదు."

బలవంతపెట్టలేదు. ఆ తర్వాత ఆమె నెలకోసారి, కూరగాయలకు వచ్చినప్పుడు, సంచి పట్టుకునే వచ్చేది. స్టూలు వేస్తే కూర్చునేది. వినయ్ పేరు ఎత్తేది కాదు, భర్త గురించీ చెప్పేది కాదు. వాళ్ళింట్లో భార్యాభర్తలిద్దరూ వేరువేరు వేళల్లో తింటారని, ఒకరితో ఒకరు మాట్లాడుకోరని కింద అద్దెకున్నవాళ్ళు చెప్పారు. ఆరడుగుల ట్యాంకు ఖాళీగా హాల్లోనే ఉండిపోయిందట. తీయించమని ఆమె అనలేదు, తీయించాలని ఆయనకూ తోచలేదు.

ఆ ఇంటి తర్వాత నేను ట్యాంకు సైజు చెప్పే పద్ధతి మారింది. ముందు ఇంట్లో ఎవరున్నారో అడుగుతాను. పని చేసేది ఎవరు, వాళ్ళ నడుము ఎలా ఉంది, ఊరికెళితే ఎవరు చూస్తారు. ఆ తర్వాతే గోడ కొలత. మన ఎండలకు, మన కరెంటుకు, మొదటిసారి పెట్టేవాళ్ళకు మూడడుగులు మంచి కొలత. అంతకన్నా చిన్నది పెడితే తప్పు చెయ్యడానికి చోటుండదు. అంతకన్నా పెద్దది పెడితే తప్పు దిద్దడానికి ఓపిక చాలదు. నాలుగు అడుగులు పెట్టగలిగినవాళ్ళూ ఉంటారు, వాళ్ళను చూడగానే తెలుస్తుంది, వాళ్ళు తొందరపడరు. తొందరపడేవాళ్ళకు ఏ సైజూ సరిపోదు. వాళ్ళకు అమ్మకండి. ఈ సలహా వల్ల దుకాణం నడవదని మీరంటారు. నాది నడిచింది, బాగా మాత్రం నడవలేదు.

ఇంకొకటి. దుఃఖంలో ఉన్నవాళ్ళు వస్తే, వాళ్ళు అడిగే కొలత నీళ్ళది అయి ఉండదు. అది మనం తగ్గించలేం. కానీ అమ్మకుండా ఉండగలం.

చేప పోయిన రోజు

ఆ చేప నా దగ్గర ఏళ్ళ తరబడి బతికింది. చివర్లో రంగు వెలిసింది, తిండి మానేసింది. ఒక రోజు పొద్దున ట్యాంకు అడుగున పడి ఉంది. జబ్బేమీ లేదు, ముసలితనమే. నేను అప్పటికే దుకాణం మూసే ఆలోచనలో ఉన్నాను.

ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది మహాదేవమ్మ. జుట్టు పూర్తిగా నెరిసింది. హాల్లో శరణప్ప గారు ఆ ఖాళీ ట్యాంకు ముందు కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నారు. అప్పటికి రిటైరయ్యారు. నన్ను చూసి కూడా పేపరు దించలేదు.

"పోయిందా అన్నా?" ఆమే అడిగింది.

"పోయిందమ్మా. ముసల్దయింది. బాధపడకుంట పోయింది."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె తలుపు పూర్తిగా తెరిచింది. తర్వాత, "కూసో, చాయ్ పెడ్త," అని లోపలికి వెళ్ళింది. నేను కూర్చున్నాను.

ఆమె చాయ్ తెచ్చి, నా ముందు పెట్టి, నేల మీద కూర్చుంది. నావైపు చూడకుండా మొదలుపెట్టింది.

"మా వినయ్‌కు చాయ్ అంటే ఎంత పిచ్చి ఉండెనో. ఆరో తరగతిల ఉన్నప్పుడు నాకు తెల్వకుంట గ్యాస్ మీద పెట్టుకుని చెయ్యి కాల్చుకున్నడు. దవాఖానకు తీస్కపోతే డాక్టర్ సాబ్‌కు రోటీ చేస్తుంటే కాలిందని చెప్పిండు."

అన్నేళ్ళలో ఆమె నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. నేను చాయ్ తాగాను.

పేపరు కిందికి దిగింది.

"ఆరో తరగతి కాదు," అన్నారు శరణప్ప గారు. గొంతు బొంగురుగా ఉంది, చాలా కాలంగా వాడని గొంతులా. "ఎనిమిదిల. నేను ఆ దినం నైట్ డ్యూటీ చేసి వచ్చి పండుకున్న."

"ఆరే. మనం అప్పుడు పాత ఇంట్ల ఉంటిమి."

"పాత ఇంట్ల గ్యాస్ ఎక్కడిది? ఎనిమిదే. నేనే ఎత్తుకపోయిన దవాఖానకు."

"నువ్వు ఎత్తుకపోలే. ఆటోల పోయినం. నీ భుజం మీద పండుకున్నడు, గంతే."

"భుజం మీద పండుకున్నడంటే ఎత్తుకున్నట్టే కదనే."

ఆమె కాదంది, ఆయన అవునన్నారు. ఆటో ఎవరిదో, చెయ్యి ఏ వైపుదో, ఒక్కొక్కటీ తవ్వి తీసి వాదించుకుంటున్నారు. ఎడమ చెయ్యని ఆమె, కుడి చెయ్యని ఆయన. ఇద్దరి కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకునే ధ్యాస ఎవరికీ లేదు. నేను అక్కడున్న సంగతి మరిచిపోయారు.

గ్లాసు మెల్లగా కింద పెట్టి, చప్పుడు కాకుండా లేచాను. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నప్పుడు కూడా ఆమె అంటూనే ఉంది, "ఎడమ చెయ్యే. నేను మందు రాసిన కదా, నాకు తెల్వదా?"